పుట్టినరోజు కార్డు మీరే చేయండి: డిజైన్ కాగితం, స్టాంపు, కాస్త ఖాళీ

పూల కాగితం మీద నెమలి స్టాంపు వేస్తే నెమలీ కనబడదు, పూలూ కనబడవు. చేతితో చేసే పుట్టినరోజు కార్డులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాగితం అందంగా ఉంది కదా అని కార్డంతా అతికిస్తారు, స్టాంపు అందంగా ఉంది కదా అని దాని మీదే కొడతారు. రెండూ పోట్లాడుకొని, చూసేవాళ్ళకు చివరికి ఏదీ మిగలదు. అందుకే కింద చెప్పే పద్ధతిలో ఒక నియమం గట్టిగా పాటిద్దాం. డిజైన్ ఉన్న చోట స్టాంపు ఉండదు, స్టాంపు ఉన్న చోట డిజైన్ ఉండదు. రెండింటినీ కలిపేది ఒక్క రంగు మాత్రమే.

కావలసినవి: మందపాటి ఎ4 అట్ట, డిజైన్ కాగితం ముక్కలు, తెల్లటి డ్రాయింగ్ కాగితం, స్టాంపు, స్టాంపు ప్యాడ్, స్టీలు స్కేలు, కట్టర్, జిగురు, రెండువైపులా అంటుకునే టేపు, సిరా అయిపోయిన బాల్‌పెన్ను. ఆ పెన్ను పారేయకండి, దానితో పని ఉంది.

ముందు అట్ట

మామూలు ఫొటోకాపీ కాగితం చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు తూగుతుంది. దుకాణంలో దీన్నే జీఎస్ఎం అంటారు. కార్డుకు 250 నుంచి 300 జీఎస్ఎం అట్ట అడగండి. బాగా పలచనైతే బల్ల మీద నిలబెట్టిన కార్డు కాసేపటికే కాళ్ళు చాపేస్తుంది. మరీ మందమైతే మడత దగ్గర చిట్లుతుంది. రంగు తెలుపైనా, మీగడ రంగైనా సరే. నున్నగా మెరిసే అట్ట మాత్రం వద్దు, ఎందుకో సిరా దగ్గరికి వచ్చాక చెబుతాను.

ఎ4 షీటు 210 × 297 మి.మీ. ఉంటుంది. పొడవును సరిగ్గా సగానికి, అంటే 148.5 మి.మీ. దగ్గర కోయండి. రెండు ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కను 105 మి.మీ. దగ్గర మడిస్తే సుమారు 105 × 148 మి.మీ. కార్డు తయారవుతుంది. ఒక షీటుకు రెండు కార్డులు, వృథా ఏమీ లేదు.

కోసే ముందు ఒక సంగతి చూసుకోవాలి. కాగితం తయారయ్యేటప్పుడు యంత్రం నడిచే దిశలోనే పీచు బారుగా పడుకుంటుంది. పీచు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. పీచుకు అడ్డంగా మడిస్తే గరుకుగా, పగుళ్ళతో వస్తుంది. ఎటు ఉందో తెలుసుకోవడానికి షీటును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఏ వంపు సులువుగా లొంగితే మడత గీత ఆ వైపు ఉండాలి. ప్యాకెట్లలో వచ్చే ఎ4 షీట్లలో పీచు సాధారణంగా పొడవు వెంట ఉంటుంది. అలాంటి షీటును పైన చెప్పినట్టు కోస్తే మడత దానంతట అదే సరైన దిశలో పడుతుంది. పెద్ద షీటు కొని దుకాణంలో కోయించుకుంటే మాత్రం వంచి చూశాకే గీత గీయండి.

ఇప్పుడు ఆ బాల్‌పెన్ను. మడత రావలసిన చోట స్కేలు ఆనించి, పెన్నుతో రెండు మూడుసార్లు గట్టిగా గీస్తే గాడి పడుతుంది. గాడి బయటి వైపు, దాని వెనక ఉబ్బు లోపలి వైపు ఉండేలా మడవండి. మడత మీద ఒక పలచటి కాగితం వేసి స్టీలు చెంచా వెనక భాగంతో రుద్దండి. కాగితం వేయకుండా రుద్దితే అట్ట ఆ గీత మేర మెరుపు తేలుతుంది.

కట్టర్‌తో ఒకే దెబ్బకు తెగాలని చూడకండి. తేలికగా మూడుసార్లు లాగితే అంచు శుభ్రంగా వస్తుంది. ప్లాస్టిక్ స్కేలు పెడితే కట్టర్ ముందు స్కేలునే కోస్తుంది, ఆ తర్వాత వేలిని. పిల్లలతో కలిసి చేస్తుంటే ఈ ఒక్క పని పెద్దవాళ్ళు చేయాలి.

డిజైన్ కాగితం: కొనక్కర్లేదు

మన ఇళ్ళలో బీరువా పైనో, టీవీ కింద సొరుగులోనో పెళ్ళి శుభలేఖల కట్ట ఒకటి ఉండి తీరుతుంది. వాటి కవర్లు, లోపలి పొరలు చూడండి. బంగారు తీగలు, మామిడి పిందెలు, జరీ అంచు లాంటి గీతలు ఉంటాయి. ఇంత మంచి కాగితం విడిగా కొనాలంటే బాగానే ఖర్చవుతుంది. దేవుడి బొమ్మ ఉన్న భాగం మీద కట్టర్ పెట్టడానికి చేతులు రావు, పెడితే ఇంట్లో ఎవరో ఒకరు ఊరుకోరు కూడా. ఆ భాగాన్ని, పసుపు రాసిన మూలలను వదిలేసి మిగతాది వాడుకోండి. హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తాబజార్ శుభలేఖల అచ్చు దుకాణాలకు పేరున్న చోటు. అలాంటి ప్రెస్సులు మీ ఊళ్ళోనూ ఉంటాయి. కోత యంత్రం కింద పడే పట్టీల గురించి మర్యాదగా అడిగి చూడండి. బహుమతులకు చుట్టే కాగితం, పాత క్యాలెండర్లు, డైరీ అట్టలు కూడా పనికొస్తాయి.

ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు పువ్వు పరిమాణం చూడండి. అరచేయంత పువ్వు దుకాణంలో షీటు మీద బాగుంటుంది. నాలుగు సెంటీమీటర్ల పట్టీగా కోశాక అందులో సగం రెక్క, ఒక కాడ మిగులుతాయి. ఇంత చిన్న కార్డుకు గోరంత డిజైనే నప్పుతుంది. రెండు కాగితాలు కలపాలనుకుంటే ఒకటి పూలది, ఇంకొకటి గీతలదో చుక్కలదో తీసుకోండి. రెండింటిలోనూ కనీసం ఒక రంగు ఉమ్మడిగా ఉండాలి. మూడో కాగితం జోలికి వెళ్ళకండి.

ఏదీ నచ్చకపోతే డిజైన్ కాగితాన్ని మీరే అచ్చు వేసుకోవచ్చు. నిజానికి నాకు ఇష్టమైన దారి ఇదే, ఎందుకంటే కార్డు మీద పడే స్టాంపుకూ వెనక కాగితానికీ సిరా ఒకటే కాబట్టి రంగు కలుస్తుందా అన్న బెంగ ఉండదు. రెండు సెంటీమీటర్ల లోపు ఉండే చిన్న స్టాంపు తీసుకోండి. ఆకు, మొగ్గ, చుక్క, ఏదైనా సరే. తోచిన చోటల్లా కొట్టుకుంటూ పోతే మాత్రం ఒక మూల ఇరుకుగా, ఒక మూల బోసిగా తయారవుతుంది. ముగ్గు వేసేవాళ్ళకు దీని మందు తెలుసు: ముందు చుక్కలు పెట్టాలి. పెన్సిల్‌తో కనబడీ కనబడనట్టు, 2 సెం.మీ. దూరంలో చుక్కలు పెట్టండి. చుక్క కింద చుక్క వస్తే సరి చుక్కలు. పై వరుసలోని రెండు చుక్కల నడిమి సందులోకి కింది చుక్క వస్తే సందు చుక్కలు. గళ్ళ డిజైన్ కావాలంటే సరి చుక్కలు, చీర మీద బుటాల్లా రావాలంటే సందు చుక్కలు. కొత్తవాళ్ళు సందు చుక్కలతో మొదలుపెట్టడం మేలు. సరి చుక్కల్లో ఒక అచ్చు ఒక్క మిల్లీమీటరు జరిగినా నిలువు వరుస, అడ్డ వరుస రెండూ దాన్ని పట్టిస్తాయి. సందు చుక్కల్లో కన్ను అంత కచ్చితంగా కొలవదు.

అంచుల దగ్గర ఆగిపోకండి. కింద పాత న్యూస్‌పేపరు పరిచి, సగం అచ్చు కాగితం మీద, సగం న్యూస్‌పేపరు మీద పడేలా వేయండి. అప్పుడది పెద్ద తానులోంచి కోసిన ముక్కలా ఉంటుంది. సిరా పూర్తిగా ఆరాకే పెన్సిల్ చుక్కలు చెరపండి.

స్టాంపు: చేయించుకోవడమా, చెక్కుకోవడమా

అక్షరాలు చేయించుకోండి, బొమ్మలు చెక్కుకోండి. ఇదే నా సలహా.

ఆఫీసు సీళ్ళు చేసే రబ్బరు స్టాంపుల దుకాణం చిన్న పట్టణాల్లోనూ ఉంటుంది. కంపెనీ పేర్లూ, సంతకం హోదాలూ చేసిన యంత్రంతోనే మీ శుభాకాంక్షలూ చేస్తారు. వాళ్ళ కంప్యూటర్‌లోని అక్షరాలకు బదులు మీ చేతిరాతే ఇవ్వండి. తెల్ల కాగితం మీద నల్ల జెల్ పెన్నుతో, కావలసిన సైజుకు రెట్టింపు పెద్దగా రాయండి. చిన్నది చేసినప్పుడు గీతల వణుకు తగ్గి కనిపిస్తుంది. టైపు చేయించుకుంటే మాత్రం స్టాంపు తయారయ్యే ముందు కాగితం మీద తీసి చూపించమనండి. కొన్ని ఫాంట్లలో ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి.

‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ పొడవైన మాట. 105 మి.మీ. వెడల్పున్న కార్డు మీద ఒకే వరుసలో ఇరికిస్తే అక్షరాలు చీమల బారులా తయారవుతాయి. రెండు వరుసలుగా, మొత్తం 60 మి.మీ. వెడల్పులో చేయించండి. ఇక్కడ మన లిపితో ఒక పేచీ ఉంది. పై వరుసలో ‘ట్ట’ ఒత్తు కిందికి దిగుతుంది, కింది వరుస తలకట్లు పైకి లేస్తాయి. వరుసల మధ్య ఖాళీ సరిపోకపోతే రెండూ ఒకదానికొకటి తగిలి సిరా ముద్ద కడుతుంది. రాసిచ్చేటప్పుడే ఒత్తుకు కింద కనీసం ఒక తలకట్టంత ఎడం వదలండి.

ఇంకో మాట. దుకాణదారు తనలోనే సిరా ఉండే స్టాంపు అంటగట్టాలని చూస్తాడు. ఆఫీసుకు అది మంచిదే, మీకు కాదు. దాంట్లో ఒకే రంగు సిరా ఉంటుంది. పిడి ఉన్న మామూలు రబ్బరు స్టాంపే కావాలని చెప్పండి. అది ఏ రంగు ప్యాడ్‌తోనైనా పనిచేస్తుంది.

ఇక చెక్కుడు. పెన్సిల్ రాత చెరిపే పెద్ద రబ్బరు, చిత్రకళా సామగ్రి దుకాణంలో దొరికే లినో కట్టర్, అంటే గాడి తవ్వే చిన్న ఉలి, చాలు. ఆకు, మామిడి పిందె, బెలూను, ప్రమిద లాంటి గుండ్రటి ఆకారాలతో మొదలుపెట్టండి. నెమలి ఇప్పుడే వద్దు.

ట్రేసింగ్ కాగితం మీద 4బి లాంటి మెత్తటి పెన్సిల్‌తో బొమ్మ గీయండి. గీసిన వైపు రబ్బరుకు ఆనేలా బోర్లించి, వెనక నుంచి గోటితో రుద్దండి. బొమ్మ తిరగబడి రబ్బరు మీదికి దిగుతుంది. అచ్చు వేసినప్పుడు మళ్ళీ తిరగబడి సరిగ్గా వస్తుంది. రబ్బరు మీద నేరుగా గీస్తే అచ్చులో కుడి ఎడమవుతుంది. ఆకుకు పర్వాలేదు, అక్షరానికీ అంకెకూ అది చెల్లదు.

ముందు లోపలి ఖాళీలను, అంటే సున్న మధ్య భాగం లాంటివాటిని తవ్వండి, తర్వాత బయటి అంచు. రబ్బరు చుట్టూ నిండుగా ఉన్నప్పుడే లోపలి సన్న పని నిలబడుతుంది. గీత గోడలు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండేలా కట్టర్‌ను బయటికి వాల్చి పట్టుకోండి. గీత కిందికి తవ్వుకుపోతే అది నొక్కినప్పుడల్లా వంగిపోతుంది. రెండు మిల్లీమీటర్ల లోతు చాలు. వంపుల దగ్గర కట్టర్‌ను తిప్పకండి, రబ్బరునే తిప్పండి. రెండో చెయ్యి ఎప్పుడూ కట్టర్ వెనకే ఉండాలి, ముందు కాదు.

వయసు అంకె చెక్కాలనుకుంటే తెలుగు అంకెలు ప్రయత్నించండి. ౧, ౨, ౩ చెక్కడానికి చాలా అనుకూలమైన ఆకారాలు, పదును మూలలు దాదాపు ఉండవు. తాతగారి షష్టిపూర్తికి మూడు సెంటీమీటర్ల ఎత్తున ‘౬౦’ అచ్చు వేస్తే పక్కన ఇంకే బొమ్మా అక్కర్లేదు. చదవడం రాని మనవలు ఆయన్నే అడుగుతారు.

చెక్క దిమ్మలు కూడా కాగితం మీద చక్కగా పడతాయి. కృష్ణా జిల్లా పెడనలో మచిలీపట్నం కలంకారీ అద్దకానికి టేకు దిమ్మలు వాడతారు. అద్దకం పనివాళ్ళు బల్ల మీద బట్ట కింద మెత్తటి పొరలు పరుస్తారు. మీరూ అదే చేయాలి. గట్టి బల్ల మీద కాగితం పెట్టి చెక్క దిమ్మతో కొడితే మధ్యలో సగం గీతలు పడవు. కింద ఐదారు న్యూస్‌పేపర్లో, మడిచిన దుప్పటో పరచండి. ఒకే బొమ్మకు గీత దిమ్మ, నింపుడు దిమ్మ రెండూ ఉంటే గీత ముందు వేసి ఆరనివ్వండి, రంగు తర్వాత నింపండి. బట్ట కోసం చేసిన దిమ్మలు పెద్దవిగా ఉంటాయి కాబట్టి కార్డుకు అంచు దిమ్మలు, చిన్న బుటాలు చూసుకోండి.

చిన్న పిల్లలుంటే బెండకాయ చాలు. అడ్డంగా కోస్తే ఐదు గదుల పువ్వు సిద్ధంగా ఉంటుంది. జిగురు పోయేలా గుడ్డతో బాగా అద్ది, పోస్టర్ రంగులో ముంచకుండా స్పాంజితో పలచగా రాయండి. ముదురు కాయ అయితే గట్టిగా నిలుస్తుంది. కూరకు పనికిరానిది ఇక్కడ పనికొస్తుంది.

సిరా సంగతి

ఆఫీసు ప్యాడ్‌లోని ఊదా సిరాతో పుట్టినరోజు కార్డు వేయకండి. ఎంత అందమైన పువ్వైనా పంచాయతీ ఆఫీసులో ముద్ర పడిన అర్జీలా కనిపిస్తుంది. నలుపు, ఎరుపు ప్యాడ్లు ఫరవాలేదు. కానీ నీటి చుక్క పడితే వాటి సిరా పాకుతుంది, చాలాకాలం ఎండ తగిలితే వెలుస్తుంది.

చేతిపనుల దుకాణాల్లో దొరికే సిరాలు ముఖ్యంగా రెండు రకాలు. డై సిరా కాగితంలోకి ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది, సన్న గీతలకు బాగుంటుంది. పిగ్మెంట్ సిరా కాగితం పైనే నిలుస్తుంది. రంగు నిండుగా ఉంటుంది, ముదురు కాగితం మీద కూడా కనిపిస్తుంది, కానీ ఆరడానికి చాలాసేపు పడుతుంది. వానాకాలంలో, అందులోనూ సముద్రం పక్క ఊళ్ళలో, రాత్రంతా వదిలేయడమే క్షేమం. మెరిసే అట్ట వద్దన్నది ఇందుకే. దాని పై పూత సిరాను పీల్చుకోనివ్వదు. సిరా పైనే తేలి, వేలు తగిలితే పులుముకుపోతుంది. బంగారు పూత ఉన్న శుభలేఖ మీదే వేయాలని పట్టుదల ఉంటే నున్నటి ఉపరితలాలకు పనికొచ్చే, నీటితో కాక ద్రావకంతో చేసిన సిరా విడిగా అడగండి.

రబ్బరు ముద్రకు, చెక్క దిమ్మకు ప్యాడే అక్కర్లేదు. చిక్కటి పోస్టర్ రంగునో, యాక్రిలిక్ రంగునో పలచటి స్పాంజితో అద్దితే సరిపోతుంది. రంగులో నీళ్ళు కలపకండి.

ఏ రంగు ఎంచుకోవాలి? డిజైన్ కాగితాన్ని దగ్గర పెట్టుకొని అందులో అన్నిటికంటే ముదురు రంగు ఏదో చూడండి. స్టాంపుకు అదే. ఎటూ తోచకపోతే కలంకారీ రంగులు నమ్ముకోండి: మీగడ రంగు కాగితం మీద నలుపు, ఇటుక ఎరుపు, ఆవపిండి పసుపు, నీలిమందు నీలం. వీటిలో ఏ రెండు పక్కపక్కన పెట్టినా తేడా రాదు.

ఉబ్బెత్తు అచ్చు కావాలంటే పిగ్మెంట్ సిరా తడిగా ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలిన పొడిని వేరే కాగితం మీదికి దులిపి మళ్ళీ సీసాలో పోసుకోండి. తర్వాత వేడి చేస్తే పొడి కరిగి మెరుస్తూ గట్టిపడుతుంది. దీనికి హీట్ గన్ కావాలి. హెయిర్ డ్రయ్యర్‌లో గాలి ఎక్కువ, వేడి తక్కువ, పొడి ఎగిరిపోతుంది. బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టెకు దగ్గరగా కాగితం వెనక వైపు పట్టుకున్నా పని జరుగుతుంది.

అచ్చు వేయడం

కార్డు మీద నేరుగా వేయకండి. డ్రాయింగ్ కాగితం మీద విడిగా నాలుగైదు అచ్చులు వేసుకొని, బాగా వచ్చినదాన్ని కోసి కార్డుకు అతికించండి. అచ్చు చెడితే పోయేది చిన్న ముక్కే, మడిచిన అట్ట, అతికించిన డిజైన్ కాగితం భద్రంగా ఉంటాయి. కార్డుల పనిలో సగం దిగులు ఈ ఒక్క అలవాటుతో పోతుంది.

స్టాంపును ప్యాడ్ మీద అదిమితే సిరా పక్కలకు, సందుల్లోకి ఎక్కుతుంది. దాని బదులు స్టాంపును వెల్లకిలా పట్టుకొని ప్యాడ్‌తో దాని మీద తేలికగా తట్టండి. ఎంత సిరా పట్టిందో కంటికి కనిపిస్తుంది. పెద్ద స్టాంపులకు ఇదొక్కటే దారి. పక్కలకు అంటిన సిరాను గుడ్డతో తుడిచేయండి, లేదంటే బొమ్మ చుట్టూ మరకల అంచు వస్తుంది.

తిన్నగా దించండి, అరచేతితో సమంగా నొక్కండి, మూడు నాలుగు క్షణాలు ఆగి తిన్నగా ఎత్తండి. ఆఫీసులో గుమాస్తాలు కొట్టినట్టు దబ్బున కొట్టొద్దు, అటూ ఇటూ ఊపొద్దు. ఊపితే బొమ్మకు నీడలా రెండో గీత వస్తుంది. అచ్చు సరిగా పడకపోతే చాలామంది బలం పెంచుతారు. బలం తక్కువై చెడే అచ్చుల కంటే సిరా ఎక్కువై చెడేవే అధికం. గీతలు లావై ముద్ద కడుతుంటే సిరా తగ్గించండి. అక్కడక్కడ పడకపోతే కింద మెత్తటి పొర మార్చి చూడండి. చిన్న చిన్న ఖాళీలను అదే రంగు సన్న పెన్నుతో పూడ్చవచ్చు. పొడిపొడిగా పడిన అచ్చు కూడా ఒక్కోసారి బాగుంటుంది, ముఖ్యంగా చెక్క దిమ్మది. యంత్రం వేసినట్టు ఉండాలంటే కార్డు దుకాణంలోనే కొనుక్కోవచ్చు కదా.

ఒకసారి సిరా పట్టించి, మళ్ళీ అద్దకుండా రెండోసారి వేస్తే అచ్చు లేత రంగులో వస్తుంది. మొదటి అచ్చు ముందు వరుస ఆకులకు, రెండోది వెనక వరుస ఆకులకు వాడితే ఒకే ప్యాడ్‌తో రెండు రంగులు దక్కుతాయి.

ఒక బొమ్మ ముందు, ఒకటి దాని వెనక ఉన్నట్టు చేయాలంటే ముందున్న బొమ్మను మొదట వేయండి. అదే బొమ్మను పలచటి చిత్తు కాగితం మీద ఇంకోసారి వేసి, అంచు వెంట కత్తిరించి, అసలు అచ్చు మీద కప్పండి. ఇప్పుడు రెండో బొమ్మను కాస్త దాని మీదికి ఎక్కేలా వేసి, కప్పిన ముక్క తీసేయండి. బెలూన్ల గుత్తికి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది.

కూర్పు

రెండు అమరికలు చెబుతాను, ఏది ఎంచుకున్నా కొలతలు సిద్ధంగా ఉన్నాయి.

మొదటిది పట్టీ. కార్డు ముందు వైపు అడుగున 105 × 45 మి.మీ. డిజైన్ కాగితం అతికించండి. డిజైన్ ఆగి ఖాళీ మొదలయ్యే చోట 4 మి.మీ. వెడల్పు రంగు కాగితం పట్టీ ఒకటి వేయండి. చీరకు అంచు వేసినట్టు ఆ కోత దాగిపోతుంది. పైన మిగిలిన ఖాళీలో స్టాంపు ముక్క. దాన్ని నట్టనడుమ పెట్టకుండా కాస్త ఎగువన పెట్టండి, లేకపోతే జారిపోతున్నట్టు ఉంటుంది.

రెండోది చట్రం. డిజైన్ కాగితాన్ని 99 × 142 మి.మీ. కోస్తే కార్డు చుట్టూ మూడేసి మిల్లీమీటర్ల తెల్ల అంచు మిగులుతుంది. దాని మధ్యలో 65 × 85 మి.మీ. స్టాంపు ముక్క. ఈ ముక్కకూ డిజైన్‌కూ మధ్య ముదురు రంగు కాగితం ఒక పొర, స్టాంపు ముక్క కంటే నాలుగు వైపులా 2 మి.మీ. పెద్దది, తప్పనిసరిగా ఉండాలి. ఆ సన్న గీత లేకపోతే స్టాంపు ముక్క డిజైన్‌లో కలిసిపోతుంది. శుభలేఖ కాగితం మరీ మెరుస్తుంటే చట్రం వద్దు, పట్టీకే వాడండి.

జిగురు విషయంలో చేతికి పొదుపు నేర్పాలి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీరుంటుంది. పలచటి కాగితం ఆ నీటికి సాగి, ఆరేటప్పుడు ముడుచుకొని, కార్డు మొత్తాన్ని వంచేస్తుంది. అట్ట ముక్కతో పలచగా గీకినట్టు పూసి, అతికించి, పైన తెల్ల కాగితం వేసి బరువైన పుస్తకాల కింద కనీసం ఒక గంట ఉంచండి. ఇంతా చేసి వంగితే కార్డు లోపలి వైపు కూడా ఒక తెల్ల కాగితం అతికించండి. రెండు వైపులా సమానంగా లాగి కార్డు చదునవుతుంది. రాయడానికి శుభ్రమైన చోటూ దొరుకుతుంది. గిఫ్టు కాగితానికి, శుభలేఖ లోపలి పొరలకు మాత్రం నీటి జిగురు జోలికే పోకుండా రెండువైపులా అంటుకునే టేపు వాడండి. స్టాంపు ముక్కను కొద్దిగా ఎత్తులో నిలపాలంటే స్పాంజి టేపు ముక్కలు నాలుగు మూలలా, మధ్యలో ఒకటి పెట్టండి. మధ్యలోది లేకపోతే నొక్కిన చోట గుంట పడుతుంది.

చమ్కీలు, పూసలు, రిబ్బను ముడులు... వద్దని అనను. ఒక్కటి పెట్టి ఆపేయగలిగితే పెట్టండి.

లోపల రాసే మాట

లోపల స్టాంపు వద్దు, చేత్తో రాయండి. కార్డు ఎవరికన్నది మరిచిపోకండి. ‘శతమానం భవతి’, ‘దీర్ఘాయుష్మాన్ భవ’ పెద్దలు చిన్నవాళ్ళను దీవించే మాటలు. మనవడు తాతయ్యకు పంపే కార్డులో అవి అచ్చు వేస్తే తాతయ్య నవ్వుకుంటారు, పక్కనున్న బంధువులు ఊరుకోరు. పెద్దలకు నమస్కారాలతో శుభాకాంక్షలు చెప్పి, వాళ్ళ ఆశీస్సులు అడగండి. పిగ్మెంట్ సిరా వాడి ఉంటే ముందు వైపు పూర్తిగా ఆరాకే కార్డు బోర్లించి లోపల రాయాలి.

కవరు, పంపడం

ఈ కొలత కార్డుకు 114 × 162 మి.మీ. కవరు సరిపోతుంది. ఇంట్లోనే చేసుకోవాలంటే ఎ4 కాగితంలోంచి 21 సెం.మీ. చతురస్రం కోసి, మూల పైకి ఉండేలా ఐమూలగా పెట్టండి. కార్డును నడుమ అడ్డంగా పెట్టి, ముందు రెండు పక్కల మూలలు లోపలికి, తర్వాత కింది మూల పైకి మడిచి అతికించండి. పై మూల మూత అవుతుంది. మరీ బిగుతుగా మడవకుండా చుట్టూ రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచండి. కార్డుకు వాడగా మిగిలిన డిజైన్ కాగితం పట్టీని మూత లోపలి వైపు అతికిస్తే తెరవగానే కనిపిస్తుంది.

పోస్టులో పంపేటట్టయితే స్పాంజి టేపు, పూసలు మానేసి చదునుగా చేయండి. ఎత్తుగా ఉన్న చోట తేదీ ముద్ర దెబ్బ పడితే కార్డు లోపల నలుగుతుంది. అలాంటి కార్డే పంపాలనుకుంటే కవరులో కార్డంత అట్ట ముక్క అడ్డం పెట్టి, పోస్టాఫీసులో తూకం వేయించి పంపండి.

పని అయ్యాక స్టాంపులను సిరా ఆరకముందే తుడవండి. రబ్బరు స్టాంపుకు తడిగుడ్డ చాలు, కిరోసిన్, థిన్నర్ లాంటివి రబ్బరును పాడుచేస్తాయి. చెక్క దిమ్మను నీళ్ళలో నానబెడితే పగులుతుంది. తడిపి పిండిన పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో రుద్ది నీడలో ఆరబెట్టండి. చెరిపే రబ్బరుతో చెక్కిన ముద్రను ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా పడేస్తే కొన్నాళ్ళకు డబ్బాకు అంటుకుపోతుంది. కాగితంలో చుట్టి, పైన దాని అచ్చు ఒకటి వేసి పెట్టుకుంటే మరోసారి విప్పకుండానే ఏ బొమ్మో తెలుస్తుంది.